అన్నయ్య మైకుసెట్టు టేపులు

2024 జూన్ 16, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు అటక మీది రేకుపెట్టెను కిందికి దింపాను. మూత తీయగానే కలరా ఉండల ఘాటు, దాని వెనక బూజు వాసన, ఆ రెండింటికీ అడుగున ఎక్కడో, గంటల తరబడి మోగి వేడెక్కిన యాంప్లిఫయరు మీద దుమ్ము కాలుతున్నప్పటి వాసన ముక్కుకు తగిలాయి. చివరిది నా భ్రమే అయి ఉండాలి; ఆ యాంప్లిఫయరు మా ఇల్లు దాటి చాలా ఏళ్ళయింది. పెట్టెలో అరవై రెండు కాసెట్లున్నాయి. మా అన్నయ్య సన్యాసిరావు చోడవరంలో మైకుసెట్టు నడిపిన రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళలోనూ జాతరల్లాంటి తీర్థాలలోనూ మోగించిన పాటలన్నీ వాటిలో ఉన్నాయి. అన్నయ్య పోయి అప్పటికి రెండేళ్ళు.

పెట్టె దించమన్నది వదిన. వాళ్ళకు పిల్లలు లేరు. అన్నయ్య పోయినప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే, వీధివైపు గదిలో ఉంటోంది. చక్కెర జబ్బు ఆమె చూపును ఏటికేడాది తినేసి, వెలుగూ నీడా తప్ప మరేమీ మిగల్చలేదు. సెల్‌ఫోనులో పాటలు పెట్టి ఇస్తే రెండు రోజులు చేతిలో పట్టుకుని కూర్చుని, మూడోనాడు నా ఒళ్ళో పడేసింది.

“ఈ అద్దం మీద ఏలెడితే పాట కాడికి ఎల్తందో, పోలీసు టేసనుకి ఎల్తందో నాకేటి తెలుస్తదే సత్తీ! మీ అన్నయ్య టేపులున్నాయి కదా. ఇంకో వానాకాలం ఆగవవి. ఆటిని ఇంట్లో మోగించు, సాలు.”

ఆ టేపులను నేరుగా మోగిస్తూ పోవడం కుదిరే పని కాదు. తిరిగిన ప్రతిసారీ రిబ్బను మీది గోధుమరంగు పొడి కొంత రాలిపోతుంది. నాలుగుసార్లు తిరిగితే పాట బదులు గరగరే మిగులుతుంది. మా అమ్మాయి చదువుకునే రోజుల్లో కొన్న కంప్యూటరు ఒకటి మంచం కింద గుడ్డ కప్పుకుని పడి ఉంది. దాని తెరా, కీబోర్డూ తీసేసి, ఇంటర్నెట్టుతో సంబంధం లేకుండా, స్విచ్చి వేయగానే దానంతటదే పాట అందుకునేటట్టు, ఒకే ఒక్క గుండ్రటి మీటను తిప్పితే శబ్దం పెరిగేటట్టు, నొక్కితే తరవాతి పాట వచ్చేటట్టు మార్చాలని నిశ్చయించుకున్నాను. చూపు లేని మనిషికి తడిమితే తెలిసే వస్తువు కావాలి. టేపుల్లో ఉన్నది అందులోకి ఎక్కాలి, అదీ అవి శిథిలమైపోకముందే. లెక్కల ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు గడిపినదాన్ని కనుక ఏ పని తరవాత ఏ పనో వరసగా రాసుకుని కూర్చున్నాను. తీరా మొదటి కాసెట్టు తిరగడం మొదలయ్యాక ఆ వరస నాకు గుర్తు లేదు. తొమ్మిదేళ్ళ పిల్లనై మా పాత పెంకుటింటి అరుగు మీద ఉన్నాను.

అన్నయ్య నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. చెరుకు తోటలో నీళ్ళు కట్టడం కన్న తీగలు కలపడం మీద అతనికి ధ్యాస ఎక్కువ. ఒక మాఘమాసం సాయంత్రం, అనకాపల్లి నుంచి ఖాళీగా తిరిగి వస్తున్న బెల్లం బండి మీద, గడ్డి మెత్తలో పసిపిల్లల్లా పడుకోబెట్టి, రెండు ఇత్తడిరంగు బాకాలూ, ఒక యాంప్లిఫయరూ, రికార్డులు తిప్పే పెట్టె ఒకటీ, బరువైన బ్యాటరీ ఒకటీ, పాత రికార్డుల కట్ట ఒకటీ తెచ్చాడు. బండి ఆగగానే వీధిలోని పిల్లలం తొక్కుడుబిళ్ళ గళ్ళు గళ్ళుగానే వదిలేసి చుట్టూ మూగాము. బాకాలకు అంటుకున్న బెల్లపు జిగురును నాలుకతో రుచి చూసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మా నాన్న ఆ సామాను వంక ఒకసారి చూసి, తుండుగుడ్డ దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మా నాయనమ్మ మాత్రం, నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే అలవాటున్న మనిషి, చుట్ట తీయకుండానే పెదవి కొసన మాట జార్చింది.

“ఒరే సన్నాసీ, ఆ బాకా నా గేదె దిక్కు తిప్పకు. పాలు ఎగ్గొట్టేస్తది.”

అన్నయ్య తిప్పలేదు. ఆమె బతికున్నంత కాలం మా ఇంటి బాకాలు వీధివైపే చూశాయి.

వేసవిలో పెళ్ళిళ్ళు. కె.కోటపాడు వైపో, చీడికాడ వైపో ఏదో ఒక ఊరి నుంచి మనిషి వచ్చి, తమలపాకుల్లో రూపాయి పెట్టి అన్నయ్య చేతికిచ్చి వెళ్ళేవాడు. బడి సెలవులు కనుక నన్నూ బండెక్కించేవాడు. నా పని రికార్డులను మెత్తటి గుడ్డతో తుడిచి వరస తప్పకుండా అందించడం. కొత్త తాటాకు పందిరి వాసన, ఎండకు వాడిన మామిడాకులు, కళాయిలో ఉడుకుతున్న పనసపొట్టు కూరలో ఆవపిండి పడినప్పుడు లేచే ఘాటు, బెల్లం ఎక్కువై ఎర్రగా మారిన గుమ్మడికాయ పులుసు, విరిచీ విరవకముందే నెయ్యి కారే బూరెలు, వీటన్నిటి మీదుగా చెట్టుకొమ్మన కట్టిన బాకాలోంచి సాగే పాట. అందరూ తిన్నాక మాకు పెట్టేవారు. మైకుసెట్టువాళ్ళ విస్తళ్ళు వేరే వరస. అన్నయ్య అన్నం కలుపుతూ కూడా చెవి బాకా వైపే ఉంచేవాడు. సూది చివరి గీతకు చేరుతోందని నాకంటే ముందు అతనికే తెలిసేది.

శీతాకాలంలో తీర్థాలు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ గానుగ మొదలైతే చెరుకు బళ్ళు రోడ్డు పొడవునా మంచులో నిలబడి ఉండేవి. ఎడ్ల మెడగంటలు, బండ్ల కింద పడుకున్నవారి దగ్గులు, మొలాసిస్ మడ్డి పులుపు వాసన, ఇవి దాటి తీర్థం జరిగే మైదానానికి చేరేవాళ్ళం. అక్కడ పాటకన్న మాట ఎక్కువ. ఎవరో నూట పదహార్లు చందా ఇచ్చారని చెప్పాలి, చెప్పు పోయిందనాలి, పిల్ల దొరికిందనాలి. అన్నయ్య ఇంట్లో ఉత్తరాంధ్ర మాటే మాట్లాడేవాడు కాని మైకు ముందు గ్రాంథికానికి ఎగబాకేవాడు. ఖర్జూరాలూ, పంచదార చిలకలూ, వేడి జీళ్ళూ కొనుక్కుని నేను బ్యాటరీ పెట్టె మీద కూర్చునేదాన్ని. ఆ మైదానంలో నా అంత ఎత్తున కూర్చున్న ఆడపిల్ల మరొకతె లేదు.

నాకు పదకొండో ఏడు వచ్చేసరికి అన్నయ్యకు పెళ్ళయింది. చీడికాడ నుంచి వదిన వచ్చింది. ఆ ఏడే కాసెట్లు వచ్చాయి. రికార్డులు గీతలు పడి అరిగిపోతున్నాయని, వాటిలోని పాటలను టేపుల మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు. మధ్యగది కిటికీలకు బొంతలు కట్టి, నాయనమ్మ చేత చుట్ట ఆర్పించి, గేదెను దూరంగా కట్టించి, రికార్డు పెట్టె ముందు మైకు నిలబెట్టేవాడు. పాట పెట్టబోయే ముందు ప్రతిసారీ మైకు దగ్గరికి వంగి రెండు మాటలు చెప్పేవాడు, ఆ పాట ఎప్పుడు వేయాలో. “ఇది దేవుడిది. తెల్లారగట్ల.” “ఇది ఊరేగింపుకి. బోజనాల కాడ ఎయ్యకూడదు, జనం తినడం మానేసి గెంతుతారు.” పందిట్లో చీకట్లో కాసెట్టు మీది రాత కనిపించదు కనుక ఇది అతను కనిపెట్టుకున్న ఉపాయం. యాంప్లిఫయరు మీట మూసి ఉంచి, టేపురికార్డరు నుంచి చెవిలోకి పెట్టుకున్న చిన్న ఇయర్‌ఫోనుతో ఆ మాట తానొక్కడే విని, పాట మొదలవగానే మీట తెరిచేవాడు. అందుచేత ఊళ్ళలో ఎవరూ ఆ మాటలు ఎన్నడూ వినలేదు. ఇంట్లో మేము విన్నాము. వదిన తలుపు చాటున నిలబడి పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. అన్నయ్య కళ్ళెర్రజేసేవాడు, కాని ఆ టేపు చెరిపేవాడు కాదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా, ప్రతి సెలవురోజూ టేపురికార్డరు నుంచి కంప్యూటరుకు తీగ కలిపి ఒక్కొక్క కాసెట్టే ఎక్కించాను. స్పిరిట్టు దూదితో బూజు తుడిచి, పెన్సిలు దూర్చి రిబ్బను బిగించి, తిరగనిచ్చి నా పనులు చూసుకునేదాన్ని; పాటలు బయటికి వినపడకుండా తీగలోంచే ఎక్కేవి. అతుక్కుపోయి కదలని కాసెట్లు ఐదు. నడుమ తెగినవి ఎనిమిది. వాటిని తరవాత చూద్దామని పక్కన పెట్టాను. మిగిలిన నలభై తొమ్మిదీ చక్కగా ఎక్కాయి. పొడవాటి రికార్డింగును పాటపాటగా విడగొట్టే పని సాఫ్టువేరే చేస్తుంది. శబ్దం తగ్గినచోట కోసి ముక్కలు చేస్తుంది. చిటపటలు, దగ్గులు, సూది దించిన చప్పుళ్ళు చిన్నచిన్న ముక్కలుగా వందల్లో పోగయ్యాయి. ఇరవై సెకన్లకు లోపున్న ముక్కలను వదిలేయమని ఒక గడిలో అంకె వేశాను. పాత డిస్కులో చోటు చాలక, పాటలు విడిపోగానే మూల రికార్డింగును చెరిపేసి, దాని మీదనే తరవాతిది ఎక్కించాను. పని ముగిసిన కాసెట్లను, వదినకు ఉబ్బసం ఉంది కనుక, ఆ బూజు ఇంట్లో ఉండకూడదని చెత్తబండికి ఇచ్చాను. చేసిన పనిని చేసినట్టు తీసేయడం నా అలవాటు.

ఆగస్టు 11, ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, వదిన చేతిని మీట మీద పెట్టాను. తిప్పింది. సన్నాయి మొదలయింది, గరగర ఏమీ లేదు. ఆమె ముఖం విచ్చుకుంది, కాలి బొటనవేలు నేల మీద తాళం వేసింది. మీట నొక్కింది. రెండో పాట. మళ్ళీ నొక్కింది. నాలుగో పాట మొదలయ్యేసరికి తల వంచి, పెట్టెకు చెవి ఆనించి కూర్చుంది.

“ఆపవే.”

“ఏటి వదినా?”

“పాటలు బాగున్నాయి. ఇలాటి పాటలు బజార్లోనూ దొరుకుతాయి. ఆయనేరీ?”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“పాటకి ముందు సెప్పేవోరు కాదేటి మీ అన్నయ్య? ఇది దీనికి, అది దానికి అని. ఆ మాటేదీ?”

గడిలో వేసిన అంకె కళ్ళముందు నిలిచింది. ఇరవై. అన్నయ్య ఏనాడూ పాటకు ముందు పది సెకన్లకు మించి మాట్లాడలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. కాసెట్లు చెత్తబండికి వెళ్ళిన సంగతీ చెప్పాను. ఆమె ఏడవలేదు. ఆ మీట చుట్టూ వేలితో గుండ్రంగా రాసింది. బెల్లం మార్కెట్లో దిమ్మ తూచాక తేమకనీ, మట్టికనీ బరువులో కొంత కోసేస్తారు, దాన్ని తరుగంటారు. చెరుకు రైతు కూతురు కనుక ఆమెకు ఆ మాటే వచ్చింది.

“లెక్కలదానివి కదే. తరుగు తీసేసేవు. మీ అన్నయ్యే తరుగులో ఎల్లిపోయేరు.”

చెరిపిన రికార్డింగులను వెనక్కి తెచ్చే ఉపాయాలు చదివి, తెలిసినవన్నీ చేసి చూశాను. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన డిస్కులో అడుగున ఏమీ మిగలలేదు. అతుక్కుపోయిన ఐదూ ఎంత చేసినా కదలలేదు; మిగిలినవి తెగిన ఎనిమిది కాసెట్లే. చిన్న మరలు విప్పి, రిబ్బను కొసలను బ్లేడుతో ఏటవాలుగా కోసి, రిబ్బనంత వెడల్పున్న అంటుడుకాగితంతో అతికి, ఖాళీ కాసెట్ల మంచి పెంకుల్లోకి మార్చాను. వదిన పక్కనే పీట వేసుకుని కూర్చుని, నా ఊపిరిని బట్టి పని ఎలా సాగుతోందో పసిగట్టేది. “ఇరగ్గొట్టేవా?” అని తొలిరోజు పదిసార్లు అడిగింది. తరవాత అడగడం మానేసింది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. రెండు కాసెట్లు నా చేతిలోనే మళ్ళీ తెగి పొడి అయిపోయాయి. మిగతా ఆరింటినీ, ఈసారి ఏ ముక్కా కోయకుండా, దగ్గులతో సహా ఎక్కించాను.

మొదటి రెండు కాసెట్లలో అన్నయ్య మాటలు గరగరలోంచి ముక్కలుగానే వచ్చాయి. మూడో కాసెట్టు రెండో వైపున, రిబ్బను అతుకు దాటాక, పెట్టెలోంచి అతని గొంతు నిండుగా వచ్చింది. ఇరవై మూడేళ్ళ కుర్రవాడి గొంతు, జలుబు చేసి ఉంది.

“ఇది అప్పగింతలకి. సౌండు బాగా తగ్గించాల. ఆడపిల్ల ఏడుపు ఇనపడాల.”

దాని వెనక తలుపు చాటు నుంచి ఒక నవ్వు, పైటలో నొక్కుకున్న నవ్వు, స్పష్టంగా వినిపించింది. పీట మీద కూర్చున్న వదినకు ఆ నవ్వు తనదేనని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది.

“సూసేవా! ఊళ్ళో పిల్లలేడిస్తే ఆయనకి ఇనపడాలట. ఇంట్లో నానేడిస్తే ఏ రోజైనా ఇనపడిందా ఆ మనిసికి?” అంది. అన్నాక పైట కొంగు వెతుక్కుంది. చూపు లేని చేతికి అది వెంటనే దొరకలేదు. నేనే అందించాను.

ఇప్పుడు పెళ్ళిళ్ళకు డీజే పెట్టెలు లారీ మీద వస్తాయి, గుండె అదిరేటంత శబ్దంతో. చెప్పేవాడూ లేడు, ఎవరికి ఏ పాటో తెలిసినవాడూ లేడు. ఎడ్ల మెడగంటలు ట్రాక్టర్లకు లేవు. మా పెంకుటిల్లు లేదు, నాయనమ్మ లేదు, గేదెల కొట్టం ఉన్నచోట మా మోటారుసైకిలు నిలబెడతాము. వదిన గదిలో ఆ పెట్టె రోజూ ఉదయం స్విచ్చి వేయగానే పాడుతుంది. ఆమె పాటలు దాటేస్తుంది; మాటల దగ్గర ఆగుతుంది.

దీపావళి మర్నాడు లెక్క ముగించి డైరీలో రాసుకున్నాను. పోయినవి: అతుక్కుపోయిన కాసెట్లు ఐదు, నా చేతిలో తెగినవి రెండు, నలభై తొమ్మిది కాసెట్లలో అన్నయ్య మాట్లాడినదంతా. ఉన్నవి: మాటలు లేని పాటలు ఐదువందల డెబ్బై ఒకటి, మాటలతో కూడిన కాసెట్లు ఆరు, వాటిలో అన్నయ్య గొంతు ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు, వదిన నవ్వు నాలుగు చోట్ల, “ఒసే గుంటా, ఊపిరి మెల్లగా తియ్యే, మైకులో పడతంది” అని అన్నయ్య నన్ను అన్నది ఒక్కసారి.