టక్కుమందా, లేదా

మా తమ్ముణ్ణి మా వీధిలో అందరూ స్టెతస్కోపు అంటారు. కార్లకు కరెంటు పని చేస్తాడు. బానెట్టు ఎత్తి, కళ్లు మూసుకుని, తాళం తిప్పమని చెప్పి చెవి ఒగ్గేవాడు. సగం రోగం అలా వినడంలోనే పట్టేసేవాడు. నేను రెండో తరగతిలోనే బడికి దండం పెట్టిన మనిషిని. అయితేనేం, మా ఇంటి ముందు గదే వాడి షాపు. ఆ గడప మీద కూర్చుని కూరలు తరుగుతూ తరుగుతూ వాడి విద్య నా చెవులకూ ఎక్కింది.

తాళం తిప్పినా ఇంజన్ని లేపే స్టార్టరు మోటారు తిరగలేదనుకోండి. ముందు ఆ మోటారుకు కరెంటు వదిలే సోలినాయిడ్ డబ్బా సంగతి చూడాలి. అది టక్కుమని ఊరుకుంటే, తాళం నుంచి డబ్బా దాకా కరెంటు వచ్చినట్టే. తప్పు ఆ పైన, మోటారుకు కరెంటు తెచ్చి మళ్లీ బ్యాటరీకి చేర్చే లావు తీగల్లో ఉంటుంది. ఆ టక్కు కూడా లేకపోతే కరెంటు అక్కడిదాకానే రాలేదు. తాళం స్విచ్చు చూడాలి, దాన్నుంచి డబ్బాకొచ్చే సన్న తీగ చూడాలి. అంతే తేడా. ఆ ఒక్క చప్పుడు మీదే వాడి బతుకంతా నడిచింది.

అలాంటివాణ్ణి డ్రిల్లు మాస్టారి కారు ఏడిపించింది. అది ఆయన మామగారి నాటి కారు. రోజూ ఆగే కారైతే ఎవరైనా బాగుచేస్తారు. ఇది అప్పుడప్పుడు ఆగుతుంది. షాపుకు వచ్చిందంటే మాత్రం బుద్ధిమంతురాలైపోయి, తాళం తిప్పగానే లేస్తుంది. ఎలాగో ఒకసారి షాపులోనే మొరాయిస్తే తమ్ముడు విన్నాడు, టక్కు లేదన్నాడు, తాళం స్విచ్చు కొత్తది వేశాడు. కారు రైలు గేటు దగ్గర మళ్లీ ఆగింది. సన్న తీగ మార్చాడు. ఈసారి సంత మధ్యలో ఆగింది.

ఆ ఉదయం మాస్టారు కారు దిగుతూనే అందుకున్నారు. ఆయన మెల్లగా మాట్లాడినా మైదానం అవతలికి వినపడుతుంది.

"ఏమయ్యా స్టెతస్కోపూ, రోగం కారుకా, నీకా? నలుగురూ తోస్తుంటే స్టీరింగు పట్టుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాను! ఈసారి ఆగిందంటే పెద్ద షెడ్డుకు తోలేస్తా. మా కాలనీలో కూడా చెప్తా."

తమ్ముడు నవ్వాడు కానీ ఆ నవ్వులో జీవం లేదు. ముందురోజే నాతో అన్నాడు, "దీన్ని పట్టుకోలేకపోతే షట్టరు దించేస్తానక్కా" అని. వాడు ఉత్తినే అనే రకం కాదు. ఆ షాపు తప్ప వాడికి వేరే లోకం లేదు.

ఇంజను వేడెక్కేదాకా తిప్పారు, ఆపారు, మళ్లీ తిప్పారు. లేస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఒకసారి లేవలేదు. టక్! గడప మీదున్న నాకు స్పష్టంగా వినపడింది. డబ్బాకు జానెడు దూరంలో తల పెట్టుకున్న మా తమ్ముడు నడుం ఎత్తి, "చూశారా, చప్పుడే లేదు. కొత్త తాళం కూడా నకిలీది తగిలింది" అన్నాడు.

నా చేతిలో చాకు ఆగిపోయింది. పిలిస్తే పలకడు, పొగరెక్కిందని మా మరదలు చేసే ఫిర్యాదు, వీధి చివరికి వినపడేలా వాడు పెట్టే టీవీ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మాస్టారి ముందు చెబితే వాడి పరువు పోతుంది. చెప్పకపోతే మళ్లీ తాళమే మారుస్తాడు, కారు మళ్లీ ఆగుతుంది.

"ఒరేయ్, నీళ్లు తాగి పో" అని లోపలికి పిలిచాను. రెండోసారి అరిస్తేగాని రాలేదు.

"టక్కుమందిరా" అన్నాను.

"ఏది?"

"డబ్బా. గడప దాకా వినపడింది."

"నువ్వు చాకు చప్పుడు విని ఉంటావు."

"చాకుకీ సోలినాయిడ్‌కీ తేడా తెలియకుండానే ఇన్నేళ్లూ నీ గడప అరగదీశానా?"

వాడు నీళ్లు సగం తాగి ఆపాడు.

"కుడి చెవక్కా. మాటలు వినపడతాయి. సన్న చప్పుళ్లే పోయాయి."

"నీ పెళ్లానికి చెప్పావా?"

"పొగరనుకుంటోందిగా, అనుకోనీ. చెవుడనడం కంటే నయం." గ్లాసు కింద పెట్టాడు. "వినపడని స్టెతస్కోపుని ఎవరు పిలుస్తారే?"

 వాడు బయటికి నడిచాడు. మొండితనంతో మళ్లీ తాళమే విప్పుతాడేమోనని నేనూ గడప దాకా వెళ్లాను. వాడు తాళం జోలికి పోలేదు. సోలినాయిడ్ మీద అరచెయ్యి ఆనించి, "తిప్పండి మాస్టారూ" అన్నాడు.

పాపిష్ఠి కారు, లేచింది! మళ్లీ తిప్పారు, మళ్లీ లేచింది. ఇక ఇవాళ్టికి జబ్బు దాచుకుంటుందేమో అనుకుంటుండగా వాడి చెయ్యి ఉలిక్కిపడింది. మోటారు తిరగలేదు. వాడు నా వైపు చూశాడు. టక్కు నాకూ వినపడింది, అవునన్నట్టు తల ఊపాను.

టెస్టు బల్బు తెచ్చి ఒక తీగ బ్యాటరీ మైనసుకూ, రెండోది ఇంజను ఇనుముకూ పెట్టాడు. కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి, అదే ఎర్తు, బాగుంటే ఆ బల్బు వెలగకూడదు. తాళం తిప్పగానే వెలిగింది. కారు కింద దూరి, ఇంజన్నీ బాడీనీ కలిపే అల్లిక తీగ విప్పి తెచ్చాడు. పైన రబ్బరు తొడుగు నున్నగా ఉంది. చీరితే లోపల పోగులన్నీ పచ్చగా చిలుమెక్కి తెగిపోయి, నాలుగు మాత్రం వేలాడుతున్నాయి. ఇంజను ఊగినప్పుడల్లా తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు.

కొత్తది బిగించాడు. కారు లేచింది. ఎన్నిసార్లు తిప్పినా లేచింది. అయినా అప్పుడప్పుడు వచ్చే జబ్బు పోయిందని ఆ పూటే ఎవరు చెప్పగలరు?

"గ్యారంటీయేనా?" అన్నారు మాస్టారు.

తమ్ముడు గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"తీగకు గ్యారంటీ. నా చెవికి లేదు మాస్టారూ. కుడిది పోయింది. అది ముందే ఒప్పుకుని ఉంటే మీరు గేటు దగ్గర ఆగేవారు కాదు."

 మాస్టారు వాణ్ణి ఎగాదిగా చూశారు. ఏనాడూ లేనిది గొంతు తగ్గించి ఏదో అన్నారు.

తమ్ముడికి అందలేదు. నా వైపు తిరిగి, ఆయన ఎదుటే, "ఏమంటున్నారక్కా?" అని అడిగాడు.

"ఆదివారం వాళ్ల బావమరిది కారు కూడా తెస్తారటరా!" అని అరిచాను.

సరేనని తల ఊపాడు. అది వినడానికి ఎడమ చెవి నా వైపు తిప్పాడు. ఆ చెవికైనా పూర్తిగా అందిందో, నా పెదాలు చూసి పోల్చుకున్నాడో నాకు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.