విప్పేసిన కుట్టు

మొన్న తమ్ముడు దుబాయ్ ప్రయాణమైతే, అవ్వ, అంటే మా అమ్మ, వాడి దుప్పటి అంచు చేత్తో కుడుతూ కూర్చుంది. ఆ సన్నని కుట్లు చూడగానే బాపు తెచ్చిన లుంగీ యాదికొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. మాది మగ్గాల ఇల్లు. దుబాయ్ నుంచి వచ్చిన బాపు పెట్టెలో లవంగాల వాసన వేసే పూల లుంగీ కనబడగానే, అవ్వ దాన్ని తిరగేసి కుట్టు చూసింది.

"గిది మిషిన్ కుట్టు కాదు, ఆడిదాని చెయ్యి. ఎవ్వతి కుట్టిందో చెప్పు."

"నా రూముల ఉండే ఇండోనేషియా పిలగాడు ఇచ్చిండు. ఆని అవ్వ కుట్టిందట. ఆళ్లది సముద్రం ఒడ్డున ఊరు. నీళ్లు ఇండ్లల్లకు వస్తున్నయట, చేపలు దొర్కుతలేవట. గందుకే దుబాయ్ వచ్చిండు."

"సముద్రం ఇంట్లకు వస్తదా? ఎవ్వలకు చెప్తున్నవ్?"

సముద్రం ఎరగని నేనూ అవ్వ మాటే నమ్మాను. బాపు ఉన్న నెలంతా, ఆయన స్నానానికి పోగానే, ఆ ఆడమనిషి ఫోటో ఏమైనా దొరుకుతుందేమోనని జేబులు వెతికాను. అవ్వ ఆ కుట్టంతా విప్పేసింది.  బాపు లుంగీని మడిచి పెట్టెలో పెట్టుకుని తిరిగి దుబాయ్ పోయాడు.

మొన్న అడిగాను: "మిషిన్ ఉంది గదా అవ్వా, చేత్తోనెందుకు?"

"దూరం పోయే కొడుక్కు అవ్వ చేతి కుట్టే ఉండాలె బిడ్డా," అంది.

అన్నాక ఆమె చేతిలో సూది ఆగిపోయింది. దుప్పటి అంచు తిరగేసి, అప్పుడు లుంగీ కుట్టు చూసినట్టే తన కుట్టు చూసింది.