అమ్మనన్న రివాల్వర్

2023 జనవరి. మిషిగన్‌లో, నోవై నుంచి పదిహేను నిమిషాల దూరంలో ఉన్న గన్ షాపులో నేను కౌంటర్ వెనక నిలబడడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. అంతకుముందు పదిహేనేళ్లు కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. లేఆఫ్ అయ్యాక, వీకెండ్స్‌లో సరదాగా షూటింగ్ నేర్చుకున్న చోటే ఉద్యోగం దొరికింది. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాను. ఒంగోలులో మా చుట్టాలకి మాత్రం నేను "సెక్యూరిటీ ఎక్విప్‌మెంట్ సేల్స్‌"లో ఉన్నానని చెప్పాం. అబద్ధమేమీ కాదు కదా.

మనవాళ్లు మా షాపుకి రావడం తక్కువ. వచ్చినా, బ్రాందీ షాపు దగ్గర మేనమామ కంటపడ్డ కుర్రాళ్ల వాలకమే. తలుపు తీసి, కౌంటర్ వెనక బొట్టు పెట్టుకున్న మనిషిని చూసి, "సారీ, రాంగ్ డోర్" అంటూ వెనక్కి తిరిగిన వాళ్లని కనీసం ముగ్గురిని చూశాను. బయట తుపాకీ బొమ్మతో తలుపంత బోర్డు ఉంటే రాంగ్ డోర్ ఎలా అవుతుందో వాళ్లకే తెలియాలి.

ఆ శనివారం మధ్యాహ్నం వచ్చిన ఇద్దరు మాత్రం వెనక్కి తిరగలేదు. ముందు నలభై అయిదేళ్లాయన, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ. వెనకాల ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్ల అమ్మాయి. ఆయన నన్ను చూసి తెలుగే అని నిర్ధారించుకుని, గొంతు తగ్గించాడు.

"మేడం, చిన్నది, లైట్‌గ ఉండేది, లేడీస్‌ది ఒకటి చూపించండి. పర్స్‌ల పెట్టుకునేటట్టు."

లేడీస్‌ది అంటూ తుపాకీల్లో ఏదీ లేదు. గులాబీ రంగు వేసి అమ్మేవి ఉన్నాయి, అది అమ్మేవాళ్ల తెలివి. అయినా నేను కూడా అప్పట్లో ఆడవాళ్లెవరు వచ్చినా ఆలోచించకుండా తీసేది ఒకటుండేది. అల్లాయ్‌తో చేసిన అయిదు గుళ్ల రివాల్వర్. బ్యారెల్ రెండంగుళాలైనా ఉండదు కాబట్టి ఆ రకాన్ని స్నబ్‌నోజ్ అంటారు. బరువు నాలుగువందల గ్రాముల పైచిలుకు. పిస్టల్‌కిలా పైనున్న స్లైడ్ వెనక్కి లాగే పని లేదు, గుళ్లు నింపే మ్యాగజైన్ గొడవ లేదు. జేబులో పెట్టుకున్న సంగతి కూడా గుర్తుండదు. అదే తీసి, ఖాళీగా ఉందని గుళ్లు పట్టే సిలిండర్ తెరిచి చూపించి, గుడ్డ మీద పెట్టాను.

"ఎవరికి?" అనడిగాను.

"నాకే" అన్నాడాయన. కానీ చెయ్యి చాపి అందుకుంది ఆ అమ్మాయి.

ఆమె పేరు సరిత. కరీంనగర్ నుంచి వచ్చిన ఫిజికల్ థెరపిస్టు. ఆపరేషన్లయిన పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లి, లేపి నిలబెట్టి, నడిపించడం ఆమె పని. వాళ్లాయన డాలస్‌లో కాంట్రాక్టు ఉద్యోగంలో ఉన్నాడు, నెలకోసారి వస్తాడు. కూడా వచ్చినాయన ఆమె అక్క భర్త శ్రీనివాస్, అప్పటికే అమెరికన్ సిటిజన్. ఇదంతా ఆమే చెప్పింది. రివాల్వర్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ అసలు సంగతికి వచ్చింది.

"ఒక పేషంట్ కొడుకున్నడు అక్కా. వాళ్లమ్మ ముందర మంచిగనే ఉంటడు. నేను బయటికి రాంగనే నా కార్ ఎన్క వాని కార్ వస్తది. పోయిన వారం మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌ల నిలబడ్డడు. ఆ పేషంట్‌ను వేరేవాళ్లకి ఇయ్యమని చెప్పిన, ఇచ్చిన్రు. అయినా వస్తున్నడు. పోలీస్ రిపోర్ట్ కూడా ఇచ్చిన."

నా దగ్గరకి భయపడి వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. అందులో సగం భయాలు టీవీ పెట్టినవి. ఈ అమ్మాయి భయానికి కారు నంబర్ కూడా ఉంది.

ఈలోగా శ్రీనివాస్ డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ మీద పెట్టి, తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం ముందుకు లాక్కుని పెన్ను తీశాడు. నాకు అనుమానం గట్టిపడింది.

"సరితా, నీ స్టేటస్ ఏంటమ్మా?"

"హెచ్‌వన్‌బీ అక్కా. గ్రీన్ కార్డ్‌కి కంపెనీ వేసిన ఐ-140 ఎప్పుడో అప్రూవ్ అయింది. పదకొండేండ్ల సంది లైన్ల ఉన్న. డేట్ దగ్గరికొచ్చింది."

నేను ఫారం ఆయన పెన్ను కింద నుంచి లాగేసుకున్నాను. కాగితం మీద సిరా గీత పడింది.

"ఇది అమ్మను."

"ఏమైతది మేడం? నా పేరు మీద రాయండి. ఇంట్లనే ఉంటది కదా" అన్నాడాయన, ఫోను రీచార్జి సంగతి మాట్లాడుతున్నట్టు.

తప్పు ఆయనదొక్కడిదే కాదు. మనకిది అలవాటు. ఫ్యామిలీ ప్లాన్ ఒకరి పేరు మీద, అపార్ట్‌మెంట్ లీజు రూమ్మేట్ పేరు మీద, వచ్చిన కొత్తలో కారు ఫ్రెండ్ పేరు మీద, ఊళ్లో ప్లాటు బావమరిది పేరు మీద. పేరు ఎవరిదైతేనేం, వాడుకునేది మనం. ఈ పద్ధతి అమెరికాలో కూడా చాలాచోట్ల చెల్లిపోతుంది. తుపాకీ దగ్గర చెల్లదు. కొనడానికి వీల్లేని మనిషి కోసం ఇంకొకరు తమ పేరు మీద కొంటే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు, ఫెడరల్ నేరం. ఇక హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్లు కొనడం సంగతి అలా ఉంచి, మామూలుగా చేతిలో ఉంచుకోవడమే నేరం. షూటింగ్ రేంజ్‌లో తుపాకీ అద్దెకి తీసుకుని కాల్చడం కూడా అందులోకే వస్తుంది. అదే వాళ్లకి చెప్పాను. వింటూనే సరిత చేతిలోని రివాల్వర్‌ని వేడి గిన్నెలా గుడ్డ మీద పెట్టేసింది.

"హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే నడుస్తదంట కదా? మా వాట్సాప్ గ్రూప్‌ల పెట్టిన్రు" అన్నాడు శ్రీనివాస్.

"చట్టంలో అలాంటి మినహాయింపు ఒకటుంది. అది ఈమెకి వర్తిస్తుందో లేదో వాట్సాప్ చెప్పకూడదు, ఇమిగ్రేషన్ లాయర్ చెప్పాలి. అడిగి రండి."

"ఇంకో షాప్‌కి పోతం."

"పోండి. మీకు అమ్ముతారు. అది ఆమె చేతిలో పెట్టిన క్షణం నుంచి ఇద్దరూ నేరస్తులే. మీకు జైలు, ఆమెకి ఇండియా విమానం."

ఆయన ముఖం ఎర్రబడింది. సరితే ఆయన మోచెయ్యి పట్టుకుంది. "బావా, వద్దు. పదకొండేండ్లు ఆగిన" అంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "మరి నేనేం చెయ్యాలె అక్కా? వాడు ఆగడు కదా."

నాకు తెలిసినంతలో చెప్పాను. కోర్టుకెళ్లి పర్సనల్ ప్రొటెక్షన్ ఆర్డర్ తీసుకోమన్నాను. అది ఉన్నాక వాడు దగ్గరికొస్తే అరెస్టు చేయడానికి పోలీసుల చేతిలో కాగితం ఉంటుంది. పెప్పర్ స్ప్రే ఇచ్చి, వాడటం పార్కింగ్‌లో చూపించాను. చివరికి ట్రైనింగ్‌కి వాడే నీలం రంగు ప్లాస్టిక్ రివాల్వర్ ఒకటి చేతిలో పెట్టాను. అది అచ్చులో పోసిన ముద్దే, లోపల మరలేమీ ఉండవు, ఆయుధం కాదు. "ఇది ఇల్లు దాటకూడదు. ఎవరైనా నిజమైనదనుకుంటే నీ ప్రాణం మీదకొస్తుంది. ఇంట్లో ఒంటి మీద పెట్టుకుని వంగు, కూర్చో, లే. రేపు గ్రీన్ కార్డ్ వచ్చాక ఏది కొనాలో నీ ఒళ్లే చెబుతుంది" అన్నాను.

వాళ్లు వెళ్లాక మా ఓనర్ భుజం తట్టి, చేసింది రైటే అన్నాడు. రైటని నాకూ తెలుసు. ఆ పిల్ల క్షేమంగా ఉంటుందో ఉండదో అది తెలియదు. ఫోన్ నంబర్ కూడా తీసుకోలేదు. ఆ తర్వాత లోకల్ న్యూస్‌లో ఆడమనిషి మీద దాడి అని వినబడిందంటే చాలు, పేరు చెప్పేదాకా నాకు ముద్ద దిగేది కాదు. ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర ఆమె ఎత్తు మనిషి కనిపిస్తే తోసుకుంటూ వెళ్లి ముఖం చూసేదాన్ని. ఎవరితోనూ చెప్పుకోలేదు. అలా పద్నాలుగు నెలలు గడిచాయి.

2024 మార్చిలో, ఒక ఆదివారం పొద్దున నా కన్సీల్డ్ పిస్టల్ క్లాసులో మొదటి వరసలో సరిత కూర్చుని ఉంది. మిషిగన్‌లో తుపాకీ దాచి మోసుకెళ్లే లైసెన్స్ కావాలంటే ఆ ఎనిమిది గంటల క్లాసు తప్పదు. నేను పేర్లు పిలుస్తూ ఆమె పేరు దగ్గర ఆగిపోయాను. ఆమె గ్రీన్ కార్డ్ తీసి చూపించింది.

"వాడు?" అన్నాను, పదిమంది ముందరే.

"క్లాస్ అయినంక చెప్త అక్కా. ముందు నేర్పు."

మధ్యాహ్నం రేంజ్‌లో నేను మళ్లీ ఆ తేలికపాటి స్నబ్‌నోజే ఇచ్చాను. అలవాటు అంత తేలిగ్గా చావదు. అయిదు గుళ్లు కాల్చింది. ఏడు గజాల దూరంలో ఉన్న టార్గెట్‌కి రెండే తగిలాయి. తుపాకీ ఎంత తేలికైతే, కాల్చినప్పుడు వెనక్కి తన్నే రీకాయిల్ అంత గట్టిగా ఉంటుంది. ఆమె రివాల్వర్ కింద పెట్టి, తన బొటనవేలి మొదలు నొక్కి చూసుకుంది, పేషంట్ చేతిని చూసినట్టు.

"మోసుకోడానికి మంచిగుంది అక్కా, కాల్చడానికి లేదు. ఈ జాయింట్ ఇప్పటికే అరిగింది. ఈ చేతులతోటి ఇంకా ఇరవై ఏండ్లు నేను తిండి సంపాదించుకోవాలె. నొప్పి పెడితే నేను ప్రాక్టీస్ చెయ్య. ప్రాక్టీస్ చెయ్యకపోతే ఇది ఎందుకు?"

"కాస్త బరువుది ఉంది. స్టీల్‌ది. కానీ ఆరువందల యాభై గ్రాములు..."

"నేను తొంభై కిలోల మనుషులను లేపుత అక్కా. ఇది బరువా?"

స్టీల్‌ది తెచ్చాను. వెనక హామర్ కొక్కెంలా బయటికి పొడుచుకు వచ్చిన మోడల్ ఆమే వద్దంది. నీలం రివాల్వర్ తీసిన ప్రతిసారీ దానికున్న అలాంటి కొక్కెం స్వెటర్ నూలు పట్టుకునేదట. హామర్ లోపలే దాగి ఉండేది ఎంచుకుంది. ఇలాంటి రివాల్వర్ ట్రిగ్గర్ చాలా గట్టిది, కొత్తవాళ్లు దాన్ని లాగుతూ గురి తప్పుతారు. ఆమెకి ఆ ఇబ్బంది లేదు. పేషంట్ల చేత పిసికించే థెరపీ పుట్టీ అనే మెత్తటి ముద్దని పద్నాలుగు నెలలు తనే పిసికిందట, చూపుడు వేలితో. అయిదింటికి అయిదు, అరచెయ్యంత జాగాలో పడ్డాయి.

"ఎక్కడ పెట్టుకుంటావు?" అనడిగాను. నడుం దగ్గర హోల్‌స్టర్ ఒరలో అని చెబుతుందనుకున్నాను.

"పనిల పెట్టుకోను. మా యూనిఫాం స్క్రబ్స్‌కు నాడానే ఉంటది, బరువుకు జారుతది. లేపేటప్పుడు పేషంట్లు నా నడుమే పట్టుకుంటరు, వాళ్ల చెయ్యి దాని మీద పడితే? కంపెనీ కూడా ఒప్పుకోదు. ఇండ్లకు పోవుడు బంద్ చేసి క్లినిక్‌ల చేరిన. పనిల ఉన్నంతసేపు కార్‌ల తాళమేసిన పెట్టెల, బయట తిరిగేటప్పుడు పొట్టకు చుట్టుకునే బ్యాండ్‌ల. అన్నీ ఆ ప్లాస్టిక్‌దానితోటి ఇంట్ల చేసి చూసిన."

నేనిన్నేళ్లూ తుపాకీని కొలిచి అమ్మాను. ఆమె తన రోజుని కొలుచుకుని వచ్చింది.

క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయారు. బెంచీ మీద కూర్చుని అప్పుడు చెప్పింది.

అంతకుముందు అక్టోబరులో, సాయంత్రం, కిరాణా స్టోర్ పార్కింగ్ లాట్. అప్పటికి ప్రొటెక్షన్ ఆర్డర్ చేతికొచ్చింది. అయినా వాడు తన కారు తెచ్చి ఆమె కారుకి అడ్డం పెట్టాడు. ఆమె తలుపులు లాక్ చేసి, ఒక చేతిలో స్ప్రే పట్టుకుని 911కి ఫోన్ చేసింది. వాడు అద్దం మీద గుద్దుతూనే ఉన్నాడు. రెండు కార్లలో పోలీసులు వచ్చి వాణ్ని దూరంగా లాగారు. అప్పుడు వాడు అరిచాడట, "ఆమె దగ్గర గన్ ఉంది, నాకు గురిపెట్టింది" అని.

"ఆఫీసర్ నన్ను దించి అడిగిండు అక్కా. ఒంటి మీద గానీ కార్‌ల గానీ వెపన్ ఉందా మేడం, అని. లేదన్న. చూడొచ్చా అన్నడు. చూసుకోమన్న. సీట్ల కింద, డిక్కీల, అంతా చూసిన్రు. బ్యాగ్ బానెట్ మీద బోర్లిచ్చిండు. నా లంచ్ డబ్బా, పుట్టీ, గ్రీన్ కార్డ్ ఫింగర్‌ప్రింట్స్ అపాయింట్‌మెంట్ లెటర్ పడ్డయ్. ఆ లెటర్ చదివి, మడిచి నా చేతికిచ్చిండు. వాణ్ని తీస్కపోయిన్రు."

ఆమె మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం ఆ బానెట్ మీద, ఆ లెటర్ పక్కన, శ్రీనివాస్ పేరు మీద కొన్న నాలుగువందల గ్రాముల రివాల్వర్ కనిపించింది. వాడు ఇంటికి పోయేవాడు, ఈమె పోలీసు కారెక్కేది. నేను ఏడ్చాను. సేఫ్టీ గ్లాసెస్ తీయడం మర్చిపోయి ఏడిస్తే ఏమీ కనబడదని ఆ రోజు తెలిసింది.

"ఎందుకేడుస్తున్నవ్ అక్కా? నేను మంచిగనే ఉన్న కదా" అని ఆమే నా భుజం పట్టుకుంది.

మే నెలలో ఆమెకి కౌంటీ నుంచి లైసెన్స్ వచ్చింది. ఫారం తనే నింపింది, నిదానంగా, ఒక్క కొట్టివేత లేకుండా. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక స్టీల్ రివాల్వర్ పెట్టెలో పెట్టి ఇచ్చాను.

ఈ ఉద్యోగంలో నా పని మనిషికి తగ్గ తుపాకీ వెతకడమే అనుకునేదాన్ని. ఇప్పుడు ముందు స్టేటస్ అడుగుతాను. తర్వాత చేతులు చూపించమంటాను, రోజంతా ఏం చేస్తారో చెప్పమంటాను. తుపాకీలున్న అర తాళం ఆఖర్న తీస్తాను. మనవాళ్లలో కొందరికి ఒళ్లు మండుతుంది, "అమ్ముకోడానికి కూర్చుని ఈ ఎంక్వైరీ ఏంటండీ" అని విసురుగా వెళ్లిపోతారు. పోనీ. పార్కింగ్ లాట్‌లో పోలీసు అడిగేకన్నా నేను అడగడమే మేలు.