జవాబు రాని వరుస

మొన్న మా కోడలు ఇంట్లోనే కూర్చుని ఆఫీసు కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తుంటే, నల్లని తెర మీద అక్షరాలు బిలబిలా పరుగెత్తాయి. "ఇవన్నీ ఎవరు రాసుకుంటరమ్మా?" అన్నాను. "అదే రాసుకుంటది అత్తమ్మా, మీరు పరేషాన్ కాకుండ్రి" అని నవ్వింది. నాకు మాత్రం వేళ్ళు గుంజినట్టయింది.

ఎనభైల చివర భూపాలపల్లిలో, గని ఆఫీసు కంప్యూటర్ గదిలో ఆ రాత నాదే. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడితే రఘునాథపల్లిలో మా బాపు ఇంట్లోనే దిద్దించిన చదువు నాది. మళ్ళీ బడి మొహం చూడలేదు. దేవుడి దయ, నా దస్తూరి చూసే పనిలో పెట్టుకున్నారు. ప్రోగ్రాం మార్చే రోజు ఆపరేటరు అన్న ఏం కొట్టాడో ఎడమ వైపు, తెర ఏం జవాబిచ్చిందో కుడి వైపు రాయాలి. జవాబు కళ్ళతో చూశాకే రాయాలని పెద్దసారు కట్టడి. కూలరు గాలి యంత్రానికి, చెమట మాకు.

ఒకసారి గని కార్మికుల హాజరును పాత ప్రోగ్రాం నుంచి కొత్తదానికి మార్చే మెట్టు దగ్గర, ఆపరేటరు అన్న కొట్టీ కొట్టగానే కరెంటు పోయింది. ఆ మెట్టు వదిలేసినా, రెండుసార్లు చేసినా హాజరంతా చెడిపోతుంది, జీతాలు ఆగుతాయి. ఆ సాయంత్రమే టేకుమట్లలో ఆ ఆపరేటరు అన్న బిడ్డను తొట్టెలలో వేసి పేరు పెట్టే వేడుక. పోవడానికి బస్సు ఒక్కటే.

"చెల్లె, నేను కొట్టిన, అయింది. జర రాయి."

"నువ్వు కొట్టింది రాసిన. జవాబు నేను చూడలే అన్నా."

"అయినట్టే గద! నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది. ఈ మిషన్ మీదనే లేదు."

పెద్దసారు పుస్తకం అందుకుని చూశారు. కుడి వైపు ఖాళీ. "పాత హాజరంతా ఫ్లాపీల నుంచి మళ్ళీ ఎక్కించి మొదటి నుంచి చేద్దాం" అన్నారు, ఆయనకూ ఓపిక లేని గొంతుతో.

కరెంటు వచ్చాక అన్న మళ్ళీ తెర ముందు కూర్చున్నాడు. బయట బస్సు హారన్ వినబడినా తల తిప్పకుండా, "మొదటి ఫ్లాపీ అందియ్యి చెల్లె" అన్నాడు. నా సద్ది గిన్నెలోని జొన్నరొట్టె ముగ్గురం తుంచుకుని తిన్నాం. పనయ్యేసరికి ఆ బస్సు ఎప్పుడో పోయింది. హాజరు సరిగ్గా వచ్చింది, జీతాలు అందాయి. టేకుమట్లలో తండ్రి లేకుండానే బిడ్డకు పేరు పెట్టారు. అన్న నన్ను ఒక్కనాడూ దెప్పలేదు. అందుకు ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆయన్ని తలుచుకుంటాను.

ఆ మెట్టు మొదటిసారే అయిందో లేదో ఎవరికీ తెలియలేదు. కాలం నాతో ఇంత దూరం నడిచి వచ్చింది గానీ, ఆ కుడి వైపు ఖాళీలో ఏం రాయాలో ఇంకా చెప్పలేదు.