పన్ను పీకినా తిరగని మెడ

ఈ పత్రికలో వృత్తి అనుభవాలు మొదటినుంచీ చదువుతున్నాను. నర్సమ్మలు రాశారు, ఇంజనీర్లు రాశారు, గడియారాలు బాగుచేసే ఆయన రెండుసార్లు రాశాడు. కంపౌండర్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. రాస్తానని నేనే మూడు ఉత్తరాలు పంపాను. మూడింటికీ జవాబు లేదు. నాలుగోదానికి "పంపండి, చూస్తాం" అని ఒక కార్డు వచ్చింది. చూడండి మరి. ఇంత ఆలస్యం నా వల్ల కాలేదని మాత్రం ముందే చెప్పి ఉంచుతున్నాను.

అది 1939. శాలిబండలో ఒక డాక్టర్ గారి దవాఖానా. రెండు గదులు, ముందు వరండా, వరండాలో రెండు బెంచీలు. లోపలి గదిలో డాక్టర్ గారు, బయటి గదిలో చెక్క కిటికీ వెనక నేను. ఆ రోజుల్లో మందులు చాలావరకు తయారుగా వచ్చేవి కావు. డాక్టర్ గారు చీటీ రాస్తే కంపౌండర్ తూచి, నూరి, కలిపి ఇవ్వాలి. తాగే నీళ్ళమందును మిక్స్చర్ అంటారు, ఒంటికి రుద్దేదాన్ని లినిమెంట్ అంటారు. చీటీ మీద ఉండే లాటిన్ ముక్కలన్నీ నాకు ఓపికగా నేర్పింది డాక్టర్ గారే. ఆ రుణం ఉంది, కాదనను.

రోగులు సీసా ఇంటినుంచే తెచ్చుకునేవాళ్ళు. నేను దాన్ని కడిగి, మిక్స్చర్ పోసి, పక్కన సన్నటి కాగితం అంటించేవాణ్ణి. ఆ కాగితానికి కత్తెరతో గాట్లు పెడతాం. ఒక్కో గాటు ఒక్కో డోస్. దాన్ని డోస్ మార్క్ అంటారు. చదువు రానివాళ్ళు కూడా గాటు చూసుకుని సరిగ్గా తాగుతారు. వారం తర్వాత సీసా తిరిగి వస్తే, రోగి ఎంత తాగాడో, ఎంత మిగిల్చాడో నాకు ఆ కాగితమే చెబుతుంది. డాక్టర్ గారు ఎప్పుడూ దాని వంక చూడలేదు.

ఆ ఏడాది వానాకాలంలో ఖాసిం భాయ్ వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. పెళ్ళి ఊరేగింపుల్లో సన్నాయి వాయిస్తాడు. మెడ కుడివైపు తిరగదు. అటునుంచి ఎవరైనా పిలిస్తే ఎద్దుల బండి తిరిగినట్టు మొత్తం మనిషి తిరగాలి.

"ఏమైంది భాయ్, బరువేమన్న ఎత్తినవా?" అని అడిగాను.

"సన్నాయి ఎంత బరువుంటది సాబ్? మీ కత్తెరంత ఉంటది. మూడేండ్ల సంది గిట్లనే. పట్టుకున్నదంటే మూడు దినాలు ఇడువది. ఇంట్ల దిష్టి అంటరు. మా బావమరిది అయితే నాటకం అంటడు."

లినిమెంట్ ఎలా రుద్దాలో చూపిద్దామని నేను చెయ్యి వేశాను. మెడనుంచి భుజం దాకా కండ తడిసి ఎండిన మోకులా బిగిసి ఉంది. నాటకం ఆడేవాడి కండ అలా ఉండదు. ఆ సంగతి అతనితో అన్నాను. నొప్పి నిజమేనని అతనితో అన్న మొదటి మనిషిని నేనేనని తర్వాత ఎప్పుడో చెప్పాడు.

డాక్టర్ గారు సాలిసిలేట్ మిక్స్చర్ రాశారు. కీళ్ళనొప్పులకు అప్పట్లో అదే పెద్ద మందు. ఏడెనిమిది సీసాలు అయ్యేసరికి నాకు ఒక వింత కనిపించింది. కొన్ని వారాలు సీసాలో సగం గాట్లు మిగిలే ఉంటాయి. మనిషి మెడ తిప్పుకుంటూ నవ్వుతూ వస్తాడు. కొన్ని వారాలు సీసా ఖాళీ. మనిషి తలను రెండు చేతులతో పట్టుకుని వస్తాడు. అంటే మందు తాగితే తగ్గడం లేదు, తాగకపోతే పెరగడం లేదు. నొప్పి రాకపోకలు వేరే దేనినిబట్టో ఉన్నాయి. ఏ వారం ఎక్కడ వాయించావని అడిగి నా నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. పత్తర్‌గట్టిలో వాయించిన వారం నొప్పి లేదు. బార్కస్‌లో రోజంతా ఎండలో నిలబడి వాయించిన వారం కూడా లేదు. ఊరేగింపు మా శాలిబండకు వచ్చిన వారం మాత్రం తప్పకుండా ఉంది.

"శాలిబండల ఏమున్నది భాయ్?" అన్నాను.

"మీ దవాఖానా ఉన్నది గద సాబ్. మీ మిక్స్చర్ వాసనకే మెడ పట్టేస్తది."

మూడోసారి అడిగాక చెప్పాడు. శాలిబండలో వాళ్ళ అన్న దస్తగీర్ ఇల్లు ఉంది. సన్నాయి జోడీలో ఒకరు పాట వాయిస్తే, రెండోవారు వెనకనుంచి ఒకే స్వరాన్ని తెగకుండా ఊదుతూ శ్రుతి పట్టాలి. తండ్రి పోయాక సన్నాయి నేర్పింది అన్నే. అన్న పాట, తమ్ముడు శ్రుతి. పద్నాలుగేళ్ళు ఖాసిం ఆ ఒక్క స్వరమే ఊదాడు. పాట ఎప్పుడు ఇవ్వాలన్నది అన్న ఇష్టం. మూడేళ్ళ కింద ఒక నవాబు గారి దేవిడీలో పెళ్ళి జరుగుతుండగా అన్న చెమట తుడుచుకోవడానికి ఆగాడు. ఖాసిం ఆ సందులో పాట అందుకున్నాడు. బాగా వాయించాడు కూడా. జనం వాహ్ వాహ్ అన్నారు. అన్న వచ్చి, అందరి ముందు, తమ్ముడి నోట్లోంచి సన్నాయి లాగేశాడు. "ఎవడిచ్చిండు నీకు?" అన్నాడు. ఆనాటినుంచి మాటల్లేవు. ఖాసిం వేరే మేళం పెట్టుకున్నాడు.

"మా దాంట్ల ఒక రివాజ్ ఉన్నది సాబ్. నేర్పినోడి ఇంటి ముందునుంచి పోతే పాట ఆపి, సన్నాయి దించి సలాం చెయ్యాలె. నేను దించ. ఊదుకుంటనే పోత. అటు మొకం కూడ తిప్ప."

"అన్న ఇల్లు ఏ పక్కకు వస్తది?"

"కుడి పక్కకు."

ఇక్కడ నా తప్పు రాయాలి. వేరే ఎవరైనా కంపౌండర్ అయితే ఏం చేసేవాడో గాని, నేను మాత్రం, "మంచిగ చేసినవ్. అంతమందిల ఇజ్జత్ తీసినోనికి సలాం ఏంది? అసలు దించకు," అన్నాను. నాకు జరిగిన అవమానాలు నాలుగు చెప్పాను. అతను నాలుగు చెప్పాడు. అప్పటినుంచి వారం వారం కిటికీ దగ్గర అరగంట అదే కథ. ఇద్దరికీ ఎంతో హాయిగా ఉండేది. అతని నొప్పి మూడు రోజులనుంచి అయిదు రోజులకు పెరిగింది. అది కూడా నా నోటుబుక్కులోనే ఉంది, నా చేత్తోనే రాసి.

అంతలో పళ్ళ సంగతి వచ్చింది. ఫోకల్ సెప్సిస్ అని అప్పట్లో డాక్టర్లలో ఒక గట్టి నమ్మకం ఉండేది. పంటి కిందో, గొంతులోనో దాగి ఉన్న చీము ఒళ్ళంతా నొప్పులు పుట్టిస్తుంది, దాన్ని తీసేస్తే నొప్పి పోతుంది అని. మా డాక్టర్ గారు ఖాసిం భాయ్ నోరు తెరిపించి చూసి, పుచ్చిన దవడపన్ను ఒకటి పీకారు. మరుసటి వారం శాలిబండలో ఊరేగింపు, మళ్ళీ మెడ పట్టింది. "ఒకటి చాలదు, పైవరస మొత్తం తీసేద్దాం. వచ్చే సోమవారం రా," అన్నారు.

ఖాసిం భాయ్ నా కిటికీ దగ్గరికి వచ్చి పైపెదవి లోపలికి మడిచి చూపించాడు. "సాబ్, పెదవుల ఎనుక పండ్లు లేకుంటే సన్నాయిని దేనికి ఆనించాలె? ఊది సూపెట్టుండ్రి."

"డాక్టర్ సాబ్‌కు చెప్పినవా?"

"చెప్పిన. మెడ గావాల్నా, సన్నాయి గావాల్నా అన్నడు. ఈ నొప్పితోని సన్నాయి ఎట్లాగూ పోయేటట్టే ఉన్నది. పీకనీయుండ్రి."

ఆ రోజు నేను నోటుబుక్కు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఏ వారం ఎక్కడ వాయించాడు, సీసాలో ఎన్ని గాట్లు మిగిలాయి, నొప్పి ఎన్ని రోజులు, అన్నీ చూపించాను. డాక్టర్ గారు నోటుబుక్కు ముట్టుకోలేదు. "కిష్టయ్యా, సీసాలు కడిగేవాళ్ళు డయాగ్నోసిస్ చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టారు?" అన్నారు. డయాగ్నోసిస్ అంటే రోగనిర్ణయం. గుమ్మం తలుపు తెరిచే ఉంది. బెంచీల మీద పదకొండుమంది ఉన్నారు. ఇద్దరు నవ్వారు. ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను.

బయటికి వచ్చి తక్కెడ ముందు నిలబడితే నా కడుపులో నిప్పు పోసినట్టు మండింది. అది నాకు కొత్త కాదు. ఆరేళ్ళుగా ఉన్న మంట. సోడా ఉప్పు కలుపుకుని తాగడం అలవాటు. గ్లాసు ఎత్తినవాణ్ణి అలాగే ఆగిపోయాను. పొద్దున ఈ మంట లేదు. ఎవరు ఏమన్నప్పుడు ఇది వస్తుందో నా దగ్గర లెక్క లేదు, ఎందుకంటే నా సీసాకు ఎవరూ గాట్లు పెట్టలేదు. ఖాసిం భాయ్ ఎదుట నిలబడి ఉన్నాడు కాబట్టి ఆ సంగతి నాకు తట్టింది. ఆ మేలు అతనిది.

"భాయ్, నేను నీకు తప్పు చెప్పిన," అన్నాను. "ఆదివారం ఊరేగింపుల ఒక్కసారి అన్న ఇంటి ముందర సన్నాయి దించి చూడు. తగ్గకుంటే సోమవారం పండ్లు ఉండనే ఉన్నయి."

అతను నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "మస్తు చెప్తున్నరు సాబ్. మీరు లోపలికి పోయి డాక్టర్ సాబ్‌కు సలాం చేసి రాండ్రి, నేను ఆడ దించుత."

"నా పండ్లెవరు పీకుతలేరు గద భాయ్."

నవ్వాడు. మెడ నొప్పితో నవ్వు సగంలో ఆగింది. "దించినంక ఆయన తలుపు మూసుకుంటే? గల్లీల అందరు చూస్తుంటరు."

"మూసుకుంటే మనిద్దరం మళ్ళ కూసోని తిట్టుకుందాం."

ఆదివారం పొద్దున ఒక వ్యాపారి ఇంటి పెళ్ళి ఊరేగింపు. నేనూ వెంట నడిచాను. దస్తగీర్ ఇంటి మలుపు రాగానే ఖాసిం భాయ్ భుజం చెవి దాకా లేవడం వెనకనుంచి చూశాను. ఇల్లు వచ్చింది. అరుగు మీద దస్తగీర్ కూర్చుని ఉన్నాడు, జుట్టు నెరిసి, మనిషి సన్నబడి. ఖాసిం భాయ్ నాలుగడుగులు దాటిపోయాడు. అయిపోయిందనుకున్నాను. పాట ఠక్కున ఆగింది. వెనక్కి వచ్చాడు, సన్నాయి దించాడు, తల వంచాడు.

మేళమంతా ఆగింది. పెళ్ళివాళ్ళు ఏమైంది, ఏమైంది అని లొల్లి. దస్తగీర్ లేవలేదు. తమ్ముణ్ణి వదిలిపెట్టి, వెనక శ్రుతి పట్టే బావమరిది వంక చూశాడు.

"శ్రుతి పట్టేది నువ్వేనా? మూడేండ్ల సంది ఇంట్ల కూసోని వింటున్న. దమ్ములేని పిల్లి ఏడ్చినట్టున్నది. ఇటియ్యి."

ఆ శ్రుతి సన్నాయి అందుకుని అరుగు దిగాడు. "నువ్వు వాయించు," అని తమ్ముడితో అన్నాడు. తమ్ముడి వెనక, బావమరిది నడిచే చోట నిలబడి ఆ ఒక్క స్వరం అందుకున్నాడు. గల్లీ చివరిదాకా తమ్ముడు పాట, అన్న శ్రుతి. సగం దూరంలో ఖాసిం భాయ్ వెనక్కి తిరిగి అన్నను చూసుకున్నాడు. కుడి భుజం మీదుగా, మెడ ఒక్కటే తిప్పి. చూశాడన్న సంగతి అతనికే తెలియదు. నాకు తెలుసు.

సోమవారం అతను పళ్ళు పీకే కుర్చీ ఎక్కలేదు. నొప్పి ఒక్కరోజులో మాయం కాలేదు. ఇంట్లో ఫికర్ ఏదైనా ఉంటే ఇంకో ఏడాది దాకా అప్పుడప్పుడు వచ్చేది. వచ్చినా పూటలో పోయేది. చివరిసారి వచ్చిన సీసాలో మందు పైగాటు దాకా అలాగే ఉంది. నొప్పి ఒంట్లోదా మనసుదా అని అడిగేవాళ్ళకు నేను ఆ మెడ గురించే చెబుతాను. బిగుసుకున్నది నిజమైన కండే, నా వేళ్ళకు తగిలింది. బిగించింది మాత్రం మూడేళ్ళ కింద దస్తగీర్ అన్న మాట. తర్వాత నేను పనిచేసినన్నాళ్ళూ, నొప్పి అని వచ్చిన ప్రతి మనిషినీ, ఒక్కరిని తప్ప, ఎప్పుడు వస్తుంది, ఎక్కడ ఉన్నప్పుడు వస్తుంది అని అడిగి సీసా ఇచ్చాను. అడగడం నేర్పింది ఖాసిం భాయ్. నా కడుపు మంట కూడా చాలావరకు తగ్గింది. పదకొండుమంది పేర్లు మరచిపోలేదు గాని, వాటిని రోజూ తలుచుకోవడం మానేశాను. ఆ అన్నదమ్ములకు నేను రుణపడి ఉన్నాను. దస్తగీర్ సాబ్ బతికున్నన్నాళ్ళూ ప్రతి పండగకీ నాకు షీర్ ఖుర్మా పంపాడు.

ఇక డాక్టర్ గారికి. ఖాసిం మెడ ఒక్క పన్ను పీకగానే బాగైందని మీరు డాక్టర్ల సభలో వ్యాసం చదివారు. ఆ తర్వాత మన దవాఖానాలోనే, నడుము నొప్పితో వచ్చిన బడిపంతులమ్మకు పైపళ్ళన్నీ తీశారు. నడుము నొప్పి పోలేదు. పిల్లల ముందు పాఠం చెప్పలేక ఆమె బడి మానుకుంది. ఆమెను ఎప్పుడు నొప్పి వస్తుందమ్మా అని నన్ను అడగనివ్వలేదు. తర్వాత ఈ సంగతి మీకు ఉత్తరం రాస్తే మీరు చదివినట్టు కూడా తెలియజేయలేదు. చదువు చెప్పిన గురువని ఇన్నాళ్ళు ఊరుకున్నాను. మీరు క్షేమంగా ఉన్నారని, ఈ పత్రిక తెప్పించుకుంటారని తెలిసింది, సంతోషం. నాకు క్షమాపణ అక్కర్లేదు. ఖాసిం మెడ తిరిగింది మీరు పన్ను పీకిన రోజునా, అతను సన్నాయి దించిన రోజునా? ఆ పంతులమ్మ ఇంకా బతికే ఉంది. జవాబు ఆమెకు రాయండి.