తలుపు తీసిందా, లేదా?

సినిమా చివర్లో ఏం జరిగిందో అర్థం కాకపోతే పక్క కుర్చీలోని మనిషిని తప్ప ఇంకెవరినీ అడగడానికి వీల్లేని రోజులవి. ఇప్పుడైతే ఫోన్లో నిమిషంలో తెలిసిపోతుంది. అప్పుడు చాలా సంగతులు తెలియకుండానే ఉండిపోయేవి. అలా తెలియకుండా ఉండిపోయిన ఒక సంగతి మీద నేను ఏకంగా మూడు పేజీల వ్యాసం రాశాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. చోరనూరు నుంచి సిరుగుప్పకు వచ్చి, అక్కా బావల ఇంట్లో ఉంటూ ఒక రైస్ మిల్లులో చేరి నెల కూడా కాలేదు. గోనె సంచుల మీద రేకు అచ్చు పెట్టి మిల్లు పేరును రంగుతో దిద్దడం నా పని. (బి.ఏ. చదివినవాడికి అక్షరాలు చక్కగా కుదురుతాయని యజమాని నమ్మకం. అచ్చులో అక్షరాలు ముందే ఉంటాయి.) బావ అదే మిల్లులో లారీ డ్రైవరు. బళ్లారిలో చిన్న మాసపత్రిక నడిపే ఒక పెద్దాయన, అందరూ కళ్లద్దాల సారు అనేవారు, ప్రూఫులు దిద్దడానికి మనిషి కోసం వెతుకుతున్నాడు. ఆదివారం తమ సాహిత్య సమావేశంలో ఏదైనా వ్యాసం చదవమని, నచ్చితే పనిలోకి తీసుకుంటానని నాకు కబురు పెట్టాడు. రంగు డబ్బా వదిలించుకోవడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే.

ఆ వారమే బావ నన్ను మ్యాట్నీకి తీసుకెళ్లాడు. తెలుగులోకి డబ్ చేసిన ఇంగ్లీషు సినిమా. కొండ మీద నక్షత్రాలను పరిశీలించే కేంద్రం ఒకటి ఉంటుంది. ఆకాశం నుంచి ఒక శబ్దం వస్తుంది. అది విన్నవాళ్లు ఒక్కొక్కరే మనుషులు కాకుండా పోతారు, మొహమూ గొంతూ మాత్రం పాతవే. చివరికి ఒక డాక్టరమ్మ గదిలో గడియ వేసుకుని మిగులుతుంది. బయట నుంచి భర్త గొంతు, "నేనే, తలుపు తియ్యి" అంటుంది. ఆమె చెయ్యి గడియ దాకా వెళుతుంది. అంతే. తెర తెల్లబడింది, లైట్లు వెలిగాయి, జనం మాటా పలుకూ లేకుండా లేచి గబగబా బయటికి నడిచారు. నేను మాత్రం లేవలేకపోయాను. జవాబు చెప్పకుండా వదిలేసే ధైర్యమున్న దర్శకుణ్ణి చూడడం అదే మొదటిసారి అనుకున్నాను. జనం అలా వెళ్లిపోవడం కూడా సినిమా ప్రభావమే అనుకున్నాను.

ఇంటికొచ్చి అన్నం తింటూ, బయట పిలిచింది భర్తా, ఆ శబ్దమా అని అడిగాను.

"మొగుడేలేప్పా," అన్నాడు బావ. "కట్టుకున్నోని గొంతు పెండ్లానికి తెలీదా?"

కథంతా విన్న అక్క చారు వడ్డిస్తూ, "నేనైతే తియ్యను," అంది. "బయటుండేది దయ్యమైనా, మీ బావైనా, లోపలికొచ్చి అడిగేది అన్నమే."

"చూస్తివా బామ్మర్దీ, ఈ ఇంట్లో నా బతుకు," అన్నాడు బావ.

ఆ సినిమా లోతు వాళ్లకు అందలేదని నేను లోలోపల జాలిపడ్డాను. రెండు రోజులు కూర్చుని వ్యాసం పూర్తి చేశాను. తెర తెల్లబడడం మీదే ఒక పేజీ. సందేహం రంగు నలుపు కాదు, తెలుపు అని రాశాను. (అవును, నేనే రాశాను.)

ఆదివారం బళ్లారిలో ఒక బడి గదిలో పన్నెండు మంది కూర్చున్నారు. ధైర్యానికని బావ కూడా వచ్చి, వెనక బెంచీలో ఖాకీ చొక్కాతో ఒదిగి కూర్చున్నాడు. వ్యాసం చదివి తలెత్తాను. అందరూ నన్ను వింతగా చూస్తున్నారు. ఒకాయన నెమ్మదిగా, "మీరేమైనా మధ్యలో లేచి వచ్చేస్తిరా?" అన్నాడు. "మేము ఈడ చూసినాము. ఆయమ్మ తలుపు తీస్తాది. వచ్చింది మొగుడే. ఇద్దరూ గ్యాస్ సిలిండరు పేల్చి ఆ శబ్దం చేసేదాన్ని సంపేస్తారు. హెలికాప్టర్ వస్తాది."

"వాళ్ల కుక్క గూడా బతుకుతాది," అన్నాడు పక్కాయన.

నేను కాగితాలు మడవబోయాను. అప్పుడు బావ లేచాడు.

"ఆయప్పది తప్పు లేదు సార్. మా ఊళ్లో ఆ సినిమా ఆడికే అయిపోతాది. ఆరు గంటలకు పల్లెలకు ఆఖరు బస్సు. కథ యాడుంటే ఆడ ఆపరేటరు మిషన్ నిలిపేస్తాడు. లేకుంటే పల్లెలోళ్లు మ్యాట్నీకే రారు. తెలుగు సినిమాకైతే చిక్కు లేదు, కడాకు ఎవరు గెలిచేదీ మాకు తెలుసు గదా."

గదంతా నవ్వింది. "నీకు తెలుసు గదా బావా! నాకెందుకు చెప్పలేదు?" అని అందరి ముందే అడిగేశాను.

"నువ్వు అన్ని పేజీలు రాస్తాంటివి. ఇంత రాస్తాండాడంటే నాకు తెలీంది ఏదో ఉంటాదిలే అని సుమ్నే నోరు మూసుకొని ఉంటిని."

కళ్లద్దాల సారు నవ్వలేదు. "ఆ వ్యాసం వద్దు," అన్నాడు. "ఇప్పుడు మీ బావ చెప్పింది రాసుకొని రా." రాసుకుని వెళ్లాను. అచ్చయింది. ఒకటో తారీఖు నుంచి ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. ఆ పని నుంచి ఇంకో పని, ఇన్నేళ్లూ అక్షరాల మీదే బతికాను.

బావ పోయి మూడు నెలలైంది. పోయే ముందు ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం, ఆ సినిమా మొత్తం దొరికిందని చెప్పి చివరి పది నిమిషాలు ఫోన్లో చూపించాను. సిలిండరు పేలింది. హెలికాప్టర్ వచ్చింది. కుక్క తోక ఊపింది.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే బావా."

ఫోన్ నా చేతికి తిరిగిచ్చాడు. "నువ్వు రాసిందే బాగుండె గదప్పా," అన్నాడు. "వాళ్లు నవ్వితే మట్టుకు ఎందుకు ఇడిస్తివి?"

ఆ వ్యాసానికి దొరికిన మెచ్చుకోలు అదొక్కటే. కర్మకాండ అయ్యాక పాత పెట్టెల్లో ఆ మూడు పేజీల కోసం వెతికాను. దొరకలేదు. దొరికినా ఎవరికీ చూపించేవాణ్ణి కాదు. కానీ ఆ బడి గదిలో చెమటలు కక్కుతూ నిలబడ్డ ఇరవై మూడేళ్లవాడితో, వెనక బెంచీలో నీ పాఠకుడు ఒకడున్నాడని చెప్పాలని మాత్రం అనిపించింది.