పచ్చి బూడిద ఇటుకలు

తెల్లాపూర్‌లో కడుతున్న ఒక గేటెడ్ కమ్యూనిటీ సైటులో నేను స్టోర్ చూసేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా ఆదివారాలు గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదే. సైటుకు బూడిద ఇటుకలు రావడం మొదలయ్యాక వాటి గురించి దొరికిందల్లా చదివాను. థర్మల్ కేంద్రంలో బొగ్గు మండినప్పుడు పొగతో పాటు ఎగిరే బూడిదను పట్టి ఉంచుతారనీ, దాని రేణువులు గాజుపూసల్లా గుండ్రంగా ఉంటాయనీ, సున్నమూ నీళ్లూ తగిలితే మెల్లగా గట్టిపడతాయనీ తెలుసుకున్నాను. వినేవాళ్లు దొరికితే వదిలేవాణ్ణి కాదు. తాపీ మేస్త్రీ నన్ను ‘లైబ్రరీ సార్’ అనేవాడు.

ఒక వేసవిలో లోడు దిగింది. మేస్త్రీ అలవాటుగా రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు.

“ఏంది సార్, గిట్ల మొద్దు సప్పుడొస్తున్నది? వాపస్ పంపు.”

“బూడిద ఇటుక ఖంగుమనదు మేస్త్రీ. దాని గుణమే అంత.”

ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. సొంతంగా ఊహించుకున్నదే, కానీ చదివినట్టే చెప్పాను.

“గుణమా? జర ఆగు,” అని మేస్త్రీ ఒకదాన్ని నడుమెత్తు నుంచి వదిలాడు. రెండు ముక్కలైంది. లోపల నల్లగా, తడిగా ఉంది. “సూడు, నీ గుణం!”

ఇటుకలు చేసే ఆయనకు ఫోన్ చేశాను. “ఆర్డర్లు మస్తున్నయ్ అన్నా. చేసిన పది దినాలకే పంపిన. ఇగ ఏం చేయమంటవ్?” అన్నాడు.

అప్పుడు వెలిగింది. ఎర్ర ఇటుక బట్టీలో కాలినప్పుడే గట్టిపడిపోతుంది. దీనికి నిప్పు లేదు, నీళ్లూ రోజులూ కావాలి. ఇప్పుడు తిరిగి లారీకి ఎక్కించి దించితే సగం ఇటుకల అంచులు రాలిపోతాయి. మూడు వారాలు తడుపుతానని ఇంజనీరు గారితో చెప్పాను. ఆయన కోస్తా మనిషి, గొంతు పెంచేవారు కాదు.

“కాంపౌండ్ గోడకి ఇంకా టైముందిలెండి, ఉంచుకోండి. అప్పుడూ విరిగితే లోడుతో పాటు మీరూ వెళ్లిపోవాలి.”

ఇటుకలకు గోనె సంచులు కప్పాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పట్టుకుని తడిపేవాణ్ణి. బోరు ఎండిపోయిన రోజు ట్యాంకరు కోసం ఎదురుచూసి, బిందెలతో మోశాను. రాత్రి మణికొండలో ఇంటికి వెళ్లే షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ టవర్లు దాటకముందే తల వాలిపోయేది. ఆ మూడు వారాల్లో గ్రంథాలయం గడప తొక్కలేదు.

గడువు రోజున ఇంజనీరు గారి ముందు మేస్త్రీ రెండు ఇటుకలు కొట్టాడు. ఖణేలుమన్నాయి. బూడిద ఇటుకా పలుకుతుందన్నమాట! నడుమెత్తు నుంచి ఒక్కొక్కటీ వదిలాడు. ఒక్కటీ విరగలేదు.

“పాసైనవ్ సార్,” అన్నాడు మేస్త్రీ. “గుణం మాత్రం నువ్ జెప్పింది గాదు.”

ఉద్యోగం నిలిచింది. తర్వాతి వారం మరో లోడు వచ్చింది. కొట్టి చూస్తే మళ్లీ అదే మొద్దు చప్పుడు. కోపంగా ఫోన్ చేశాను.

“మీ కాడ నువ్ తడుపుతున్నవ్ గద అన్నా. మా యార్డుల జాగ లేదు,” అన్నాడాయన నవ్వుతూ.

ఇంజనీరు గారితో చెబితే, “మీకు అలవాటే కదండీ,” అని డ్రాయింగుల వైపు తిరిగిపోయారు. నేను గోనె సంచులు వెతకడానికి స్టోర్‌లోకి వెళ్లాను.